‘గుడ్ నైట్ రా’ అన్నందుకు విడాకులు వస్తాయా?

ప్రశ్న: మాది కరీంనగర్. పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. నా భార్య బ్యాంకులో పనిచేస్తుంది. ఇంజినీరింగ్‌లో తనతో చదివినతను వారంలో నాలుగు రోజులు ఫోన్ చేస్తాడు. ఈమె ‘ఏరా, తిన్నావా’, ‘గుడ్ నైట్ రా’ అని మెసేజీలు పెడుతుంది. అడిగితే ఫ్రెండే కదా అంటుంది. తనకు తెలియకుండా తన ఫోన్‌లో కాల్ రికార్డింగ్ యాప్ వేశాను. నెల రోజుల మాటలు నా దగ్గరున్నాయి. అతని మీద కేసు పెట్టొచ్చా? అక్రమ సంబంధం కింద విడాకులు వస్తాయా? భరణం తప్పుతుందా?
– పేరు వద్దు

జవాబు: ముందు అతని సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అతని మీద పోలీసు కేసు నిలవదు. అక్రమ సంబంధానికి శిక్ష వేసే ఐపీసీ 497 సెక్షన్‌ను 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దానికి చోటే లేదు. ఆ సెక్షన్ బతికున్న రోజుల్లోనూ శారీరక సంబంధం రుజువు చేయాల్సిందే, ఫోన్ మాటలు సరిపోయేవి కావు.

విడాకుల మాటకొస్తే, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఈ కారణం ఇప్పటికీ ఉంది. కానీ అక్కడా అడిగేది శారీరక సంబంధమే. కళ్లారా చూసిన సాక్షి ఉండాలని లేదు, లాడ్జి రిజిస్టరు లాంటి పరిస్థితులు గట్టిగా ఉంటే చాలు. మీ దగ్గరున్నది ‘రా’ అనే ఒక్క అక్షరం! క్లాస్‌మేట్లు ఆడా మగా తేడా లేకుండా ‘ఒరేయ్’, ‘ఏరా’ అనుకుంటూనే ఉంటారు. మెసేజీల కాగితాల మీద పసుపు రంగు గీతలు గీసుకుని నా దగ్గరకు వచ్చేవాళ్లను చూస్తుంటాను. గీత గీసిన చోటల్లా ‘తిన్నావా’, ‘చేరావా’ తప్ప ఇంకేం ఉండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు ‘మీ చెల్లెలు తన క్లాస్‌మేట్‌ని ఏమని పిలుస్తుంది?’ అని అడిగితే మీరేం చెబుతారు?

మీరు నెల రోజులు విన్నారు. అందులో ఏముందో మాత్రం ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. ఉంటే రాసేవారే.

అసలు ప్రమాదం మీరు చూడని వైపు ఉంది. ఆధారం లేకుండా భార్య శీలం మీద నింద వేస్తే అదే క్రూరత్వం అవుతుంది. 2003లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో భర్త, భార్య పిటిషన్‌కు జవాబుగా వేసిన కౌంటర్‌లో అలాంటి మాటలు రాసి, తర్వాత సవరణ పిటిషన్ వేసి తీసేయించుకున్నాడు. అయినా వదల్లేదు, ఒకసారి రాసిన మాట చేయాల్సిన గాయం చేసేసిందని భార్యకు విడాకులిచ్చారు. మీ పిటిషనే ఆమెకు సాక్ష్యం కావచ్చు.

ఇక రికార్డింగులు. భార్యాభర్తల మధ్య మాటలను ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో పరిశీలించవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు చూపించి ధైర్యం చెప్పేవాళ్లు మీకు దొరుకుతారు. కానీ మీరు పట్టుకున్నది ఆమె ఇంకొకరితో మాట్లాడుకున్న మాటలు. భార్య ఫోన్ సంభాషణలను భర్త చాటుగా రికార్డు చేయడం ఆమె గోప్యతను కాలరాయడమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎప్పుడో చెప్పింది, కోర్టు తీర్పులు అచ్చేసే ఏఐఆర్ 2008 సంపుటంలో అది ఉంది. పైగా ఆమె ఫోన్‌లో అనుమతి లేకుండా యాప్ వేయడం ఐటీ చట్టం 66వ సెక్షన్ దాకా పోవచ్చు. దానికి మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

భరణం విషయంలో ‘అక్రమ సంబంధంలో జీవిస్తున్న’ భార్యకే అది రాదని చట్టం. స్నేహం ఆ మాటలోకి రాదు. ఆమెకు జీతం ఉంది కదా అన్నది వేరే వాదన, అందులో కొంత బలముంది. పాప ఖర్చులో మీ వాటా మాత్రం ఏ దారిలోనూ తప్పదు.

ఆ యాప్ ఇవాళే తీసేయండి. ఆ మాటలు బావమరిదికో, ఇంటి వాట్సాప్ గ్రూపుకో పంపకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడికి వెళ్లేలోపు యాప్ సంగతి మీ నోటితోనే ఆమెకు చెప్పండి. ఆమె తనంతట తాను కనిపెట్టిన రోజున ఈ ప్రశ్నలు అడిగేది ఆమె అవుతుంది, ఆమె వైపు చట్టం చాలా ఉంది.