గోడ మీద చోటు లేదా? నేల ఏసీ కొనే ముందు నీళ్ల దారి చూడండి

సందేహం: మా పడగ్గది 10 అడుగులకు 12 అడుగులు. ఒక గోడ నిండా బీరువాలు, ఇంకోదానికి పైకప్పు దాకా పుస్తకాల అరలు, మూడో గోడకు తలుపులు, నాలుగోదానికి పెద్ద కిటికీ. స్ప్లిట్ ఏసీకి పైన జానెడు చోటు కూడా లేదు. కిటికీ కింద నేల మీద పెట్టే ఏసీ తీసుకోమంటున్నారు. చల్లగాలి కిందే ఉండిపోతుందేమోనని భయం. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. చల్లదనం గురించి టెన్షన్ పడకండి. చల్లగాలి బరువు, కిందికే దిగుతుంది, అది నిజమే, కానీ ఈ ఏసీలో గాలి బయటికొచ్చే వెంట్ పెట్టె పైఅంచున ఉంటుంది, కూలింగ్‌లో అది గాలిని పైకి విసురుతుంది, ఆ గాలి గదంతా పరుచుకుంటూ మెల్లగా కిందికి దిగుతుంది. చాలా మోడళ్లకు కింద కూడా ఒక వెంట్ ఉంటుంది, అది ముఖ్యంగా చలికాలానికి. వెచ్చటి గాలి ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి కింద వదిలితే ముందు పాదాలకు తగులుతుంది. హీటింగ్ కూడా కావాలనుకునేవాళ్లకు గోడ ఏసీ కన్నా ఇదే హాయి అని నా అభిప్రాయం.

అడిగేటప్పుడు పేరు మాత్రం సరిగ్గా చెప్పండి. నేల మీద పెట్టే ఏసీ అంటే కొందరు చక్రాలున్న పోర్టబుల్ చూపిస్తారు, కొందరు హాళ్లలో నిలబెట్టే ఆరడుగుల టవర్ చూపిస్తారు. మీకు కావాల్సింది ఫ్లోర్ కన్సోల్. బయట అవుట్‌డోర్ యూనిట్ ఉండే మామూలు స్ప్లిట్టే ఇది, ఇండోర్ పెట్టె మాత్రం సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 70 నుంచి 75 వెడల్పు, 20 పైచిలుకు లోతు ఉంటుంది. డైకిన్, మిత్సుబిషి ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు తయారు చేస్తున్నాయి. గోడ ఏసీలతో పోలిస్తే మోడళ్లు తక్కువ, ధర సాధారణంగా ఎక్కువ, అది తెలిసే దిగండి.

కొనే ముందు ఒక పాత అట్టపెట్టెను ఆ కొలతలకు కోసి కిటికీ కింద నిలబెట్టి రెండు రోజులు ఉంచండి. మంచం దిగేటప్పుడు కాలికి తగులుతోందా, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, కర్టెన్ దాని మీద పడుతోందా, అన్నీ అక్కడే తేలిపోతాయి. కర్టెన్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. పై వెంట్ మీద గుడ్డ పడితే చల్లగాలి అక్కడే తిరిగి మళ్లీ లోపలికే వెళ్తుంది, గది చల్లబడిపోయిందని సెన్సర్ పొరబడుతుంది, మీకు మాత్రం ఉక్కపోత తగ్గదు. కర్టెన్‌ను కిటికీ అంచు వరకే కుట్టించుకోండి, పెట్టె ముందు సోఫా, మంచం లాంటివి పెట్టకండి.

ఇక అసలు విషయం నీళ్లు. గోడ ఏసీ తల కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి డ్రెయిన్ పైపు ఎటు తిప్పినా నీళ్లు వాటంతట అవే జారిపోతాయి. కన్సోల్‌కు డ్రెయిన్ దాదాపు నేలకు ఆనుకొని ఉంటుంది. గోడకు కొట్టే రంధ్రం దానికన్నా కిందుండాలి, పైపు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున బయటికి వాలుగా వెళ్లాలి. బయట బాల్కనీ నేల గది నేలకన్నా ఎత్తుగా ఉందా? అయితే వాలు దొరకదు, చిన్న పంపు పెట్టించాల్సిందే, నీళ్లు నిండితే ఏసీ ఆగిపోయే స్విచ్ ఉన్న పంపే తీసుకోండి.

మా ఇంట్లో చదువుకునే గదికి బిగించినప్పుడు రంధ్రం అరంగుళం పైకి పడింది. వారం తిరక్కుండా టైల్స్ సందుల్లో నల్లటి చెమ్మ, పక్కనే ఉన్న చెక్క షెల్ఫ్ కింది భాగం ఉబ్బిపోయింది. మళ్లీ గోడ పగలగొట్టించాం. అందుకే చెబుతున్నాను, పెట్టె ముందువైపు ప్యానెల్ మూయకముందే లోపల నీళ్లు పట్టే ట్రేలో ఒక మగ్గు నీళ్లు మెల్లగా పోయించి, బయట పైపు దగ్గర నిలబడి పోసినంతా వస్తోందో లేదో మీరే చూడండి.

ఇంకొకటి, దీన్ని చాలామంది అడగరు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 అనే చల్లబరిచే గ్యాస్‌కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది, పైగా గాలికన్నా బరువు. నేల దగ్గర లీకైతే అక్కడే పేరుకుంటుంది. అందుకే ఏసీల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-40 గది ఎంత పెద్దదుండాలో లెక్కగట్టేటప్పుడు నేల యూనిట్ ఎత్తును 0.6 మీటర్లుగా, గోడ యూనిట్‌ను 1.8 మీటర్లుగా తీసుకుంటుంది. అంటే గ్యాస్ అంతే ఉన్నా నేల యూనిట్‌కు పెద్ద గది కావాలి. ఒక గదికి ఒకటే అయితే గ్యాస్ తక్కువ, మామూలుగా ఇబ్బంది రాదు. ఒక అవుట్‌డోర్‌కు మూడు నాలుగు గదులు కలిపే మల్టీ స్ప్లిట్ అయితే మాత్రం మాన్యువల్‌లో కనీస గది వైశాల్యం పట్టిక చూపించమని అడగండి.

మీ గదికి 1 టన్ను, అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) లాగేది చాలు. పైఅంతస్తయి పడమటి ఎండ నేరుగా పడుతుంటే 1.5 చూడండి.

సందేహం: అద్దె ఇల్లు, గోడకు రంధ్రం కొట్టనివ్వరు. పోర్టబుల్ కొనమంటారా?

వేరే దారి లేకపోతేనే. కొన్నా రెండు గొట్టాలున్నదే కొనండి, ఒకటి బయటి గాలిని లాగితే రెండోది వేడిని బయటికి పంపుతుంది. ఒకే గొట్టం ఉన్నది గదిలో చల్లబడిన గాలినే లాగి వేడితో కలిపి బయటికి తోస్తుంది, ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల్లోంచి వేడిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. కంప్రెసర్ కూడా గదిలోనే ఉంటుంది, కాబట్టి నిద్ర తేలికైనవాళ్లు ముందు దుకాణంలో ఆన్ చేయించి చప్పుడు వినండి.