కిచెన్‌లో అండర్‌ఫ్లోర్ హీటింగ్ ఉంది, పైన వినైల్ ఫ్లోరింగ్ వేయించొచ్చా? వేడికి పాడవుతుందా?

నిక్షేపంగా వేయించుకోండి. వేడికి వినైల్ ఏదో అయిపోతుందని భయపడుతున్నారు గానీ అదసలు సమస్యే కాదు. ఇక్కడ యూకేలో దొరికే వినైల్ చాలావాటికి ఫ్లోర్ టెంపరేచర్ 27 డిగ్రీలు దాటకూడదని రాసుంటుంది, థర్మోస్టాట్‌కి ఫ్లోర్ ప్రోబ్ (నేల వేడిని కొలిచే సెన్సర్) పెట్టించి లిమిట్ సెట్ చేస్తే చాలు. కొంప ముంచేది కిందున్న స్క్రీడ్, అంటే ఫ్లోరింగ్ కింద చదునుగా పోసే సిమెంట్ పొర, దాంట్లో మిగిలిపోయిన తేమ.

మా బావగారు రెడింగ్‌లో ఇంటి వెనకాల ఎక్స్‌టెన్షన్ కట్టించారు. హీటింగ్ పైపులు పరిచి పైన 75 మి.మీ. సిమెంట్ స్క్రీడ్ పోశారు. ఈలోగా మా అక్క వ్రతానికి ముహూర్తం పెట్టించేసి ఊరందర్నీ పిలిచేసింది. ఫ్లోర్ వేసే అతను వచ్చి, వ్యాన్‌లోంచి సామాను కూడా దించకుండా, ఒక డబ్బాని నేలకి సీల్ చేసి లోపల తేమ కొలిచే హైగ్రోమీటర్ పెట్టి వెళ్లాడు, 72 గంటలాగి వచ్చి చూస్తే తేమ 88 శాతం. 75 దాటితే వినైల్ వేయకూడదు. వేయనంటే వేయనన్నాడు. బిల్డర్‌కేమో ఒళ్లు మండింది, అరచేత్తో నేల తడిమి "పొడిగానే ఉందిగా" అంటాడు. పైపొర ఆరితే లోపలంతా ఆరినట్టేనా అండీ? మొదటి 50 మి.మీ.కి మిల్లీమీటరుకో రోజు చొప్పున పడుతుంది, ఆపైన ఇంకా నెమ్మది, అదీ గది వెచ్చగా ఉంటే. ఇంగ్లండ్ ముసురులో రోహిణీ కార్తెలో డాబా మీద వడియాలు ఆరినట్టు ఆరమంటే ఎలా!

చివరికి బిల్డరే తన మనిషిని తెచ్చి వేయించేశాడు. వ్రతం బ్రహ్మాండంగా జరిగింది, వచ్చినవాళ్లంతా ఫ్లోర్‌నే మెచ్చుకున్నారు. చలి మొదలై హీటింగ్ ఆన్ చేశాక చూడాలి, కింది తేమంతా పైకి తన్నింది. వినైల్ ప్లాంకుల (పలకల) అంచులు లేచి నడుస్తుంటే సాక్సులకి పట్టుకునేవి, కాలితో నొక్కితే సందుల్లోంచి జిగురు తెల్లగా ఉబికేది. బిల్డర్ మాత్రం వినైల్ క్వాలిటీ మంచిది కాదని తేల్చేశాడు. ఆ మాట పట్టుకుని మన వాట్సాప్ గ్రూపుల్లో అందరూ "టైల్సే వేయించండి" అని ఊదరగొట్టడం. వినైల్ పల్చన కాబట్టి వేడి పైకి తొందరగానే వస్తుంది, వేడిని అడ్డుకునే ఇబ్బంది చెక్క ఫ్లోరింగ్‌కే ఎక్కువ, కానీ ఎవరు వింటారు.

మీరు మాత్రం స్క్రీడ్ ఆరాక ముందు హీటింగ్ కొన్నాళ్లు నెమ్మదిగా పెంచుతూ నడిపించండి, రీడింగ్ మీ కళ్లతో చూడండి. వేయడానికి 48 గంటల ముందు ఆపేయాలి, వేశాక ఇంకో 48 గంటలు ఆన్ చేయొద్దు, తర్వాత రోజుకి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. అంటించే రకమైతే హై టెంపరేచర్ జిగురే వాడమనండి, మామూలుది వేడికి మెత్తబడుతుంది. క్లిక్ రకమైతే (జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగించేది) కింద మెత్తటి ఫోమ్ వేయనివ్వొద్దు, వేడి అక్కడే ఆగిపోతుంది.

ఇంకోటి, సింక్ ముందు రబ్బరు అడుగున్న మ్యాట్ వేయకండి. రబ్బరు తగిలినచోట వినైల్ పసుపు రంగుకి తిరుగుతుంది, ఆ మరక ఏం పెట్టి తోమినా పోదు. అక్క ఇప్పటికీ అది పులుసు ఒలికిన మరకే అంటుంది.