చిన్న పిస్టల్ ట్రిగ్గర్ మొండిగా ఉంటే

తమ్ముడూ, ఎయిర్ పిస్టల్ నుంచి .32 బోరు చిన్న పిస్టల్‌కి మారాక ట్రిగ్గర్ మొండిగా ఉందనీ, గుండ్లు ఎడమకీ కిందకీ పోతున్నాయనీ, గంటస్తంభం దగ్గర లేత్ మేస్త్రీ చేత స్ప్రింగ్ కోయించేస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు! 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు చెయ్యడానికీ లైసెన్సు ఉండాలి. పైగా ట్రిగ్గర్ కెలికిన పిస్టల్ చెయ్యి జారి పడినా పేలొచ్చు.

500 గ్రాములకే విడిచే పోటీ ట్రిగ్గర్‌కి అలవాటుపడ్డ వేలు నీది. ఈ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు కిలోల్లో ఉంటుంది కదా, పిడికిలంతా బిగించేస్తున్నావు. కుడిచేతివాటం వాళ్లకి గుండు ఎడమ కిందకి పోయేది ఎక్కువగా అందుకే.

తూటాలు వేరే గదిలో పెట్టు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూసుకుని, మందు లేని డమ్మీ తూటా వెయ్యి. గట్టి గోడవైపు తిప్పి, స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) మీద రూపాయి బిళ్ల పెట్టి, అది పడకుండా నొక్కు. వేలి కొస మెత్తటి భాగమే ట్రిగ్గర్‌కి తగలాలి. రేంజిలో మాత్రం, పేలాక వేలు మొత్తం వదిలెయ్యకు. మెల్లగా సడలిస్తూ, ట్రిగ్గర్ టిక్కుమన్నచోట ఆపి, అక్కణ్ణించే మళ్లీ నొక్కు.