ఆలంపూర్ పాత ఊరిని గైడ్ లేకుండా నడిచి చూడొచ్చా?

ఆలంపూర్‌లో గుళ్లు, నది ఒడ్డు, పాత ఊరు అన్నీ గైడ్ లేకుండా నడుచుకుంటూ చూడొచ్చా, ఎంతసేపు పడుతుంది అని అడిగారు. నిక్షేపంగా చూడొచ్చు. పొద్దున్నే మొదలుపెడితే భోజనం వేళకి అయిపోతుంది. అయితే ఒక్క మాట వినండి. గుడి గేటు దగ్గర మొదలుపెట్టకండి, తుంగభద్ర ఒడ్డున మొదలుపెట్టండి.

మాది పక్క పల్లె. నేను చదువుకున్నది, సంతకి పోయింది అంతా ఆలంపూర్‌లోనే. బయటి నుంచి వచ్చేవాళ్లలో చాలామంది కారు దిగి, జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని, ప్రసాదం చేతిలో ఉండగానే మళ్లీ కారెక్కేస్తారు. ప్యాకేజీ టూర్ల వాళ్లదీ అదే తీరు. మంత్రాలయం, ఆలంపూర్, శ్రీశైలం అంటూ లిస్టులో టిక్కు పెట్టించి తోలుకుపోతారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోదాన్ని దర్శించుకోవడం పుణ్యమే. కానీ ఇంత దూరం వచ్చి నది ముఖం చూడకుండా పోవడమేంటో నాకు అర్థం కాదు.

నది కనబడకపోవడానికి ఒక కారణం ఉంది. ఊరికీ నీళ్లకీ మధ్య పెద్ద రక్షణ గోడ కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు బ్యాక్ వాటర్ ఊళ్లోకి రాకుండా కట్టిన గోడ అది. అది ఉన్నా 2009 అక్టోబర్ వరదల్లో ఊళ్లోకి నీళ్లొచ్చాయి. గోడ అవసరమే, కాదనను. కాకపోతే దాని వల్ల కొత్తవాళ్లకి ఇది నది ఒడ్డు ఊరన్న సంగతే తెలియకుండా పోతోంది. అందుకే ముందు ఘాట్ దగ్గరికి వెళ్లండి. అక్కడ నిలబడి వెనక్కి తిరిగితే గుళ్ల శిఖరాలు కనిపిస్తాయి. స్నానం చేసి తడి బట్టలతో నేరుగా శివుడి దగ్గరికి నడిచే దూరం. చాళుక్యులు ఇక్కడే ఎందుకు కట్టారో ఆ నడకలో తెలుస్తుంది, ఏ గైడూ చెప్పనక్కర్లేదు.

ఇక నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. తొమ్మిదీ శివాలయాలే. శిఖరాలను జాగ్రత్తగా చూడండి. ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి పైకి వెళ్లి, కొసన ఉసిరికాయ ఆకారపు రాయితో ముగుస్తాయి. తారక బ్రహ్మ ఒక్కటే దక్షిణాది తీరు. పిల్లలు వెంట ఉంటే అది ఏదో కనిపెట్టమనండి, భలే పోటీ పడతారు. టైమ్ తక్కువుంటే స్వర్గ బ్రహ్మ దగ్గరే ఎక్కువసేపు ఉండండి. వినయాదిత్యుడి కాలం నాటిది, అంటే 681-696 మధ్యది. బయట దిక్పాలకులను చూసి లోపలికి వెళ్తే గర్భగుడి చుట్టూ ఇరుకు ప్రదక్షిణ దారి ఉంటుంది. బయటి గోడలో రాతి జాలీ కిటికీలున్న చోట ఎండ ముక్కలు ముక్కలుగా నేల మీద పడుతుంది. ఫోన్ జేబులో పెట్టి రెండు చుట్లు తిరగండి. దయచేసి శిల్పాలకు పసుపు, నూనె పూయకండి. అది భక్తి అనుకుంటారు గానీ, చెక్కిన గీతల్లో జిడ్డు పేరుకుపోయి ముఖాలే తెలియకుండా పోతున్నాయి. చూస్తే కడుపు మండుతుంది.

బాల బ్రహ్మలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. 2005లో కొత్త గుడి కట్టి ప్రతిష్ఠించేదాకా జోగులాంబ అమ్మవారు ఉన్నదీ ఈ గుడిలోనే. పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది, అటు కూడా వెళ్లి రండి.

నేను అసలు చెప్పాలనుకున్నది సంగమేశ్వరాలయం గురించి. ఇది ఈ ఊరి గుడి కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం నీళ్లలో కూడవెల్లి మునిగిపోతుందని గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. మా అమ్మ పుట్టిల్లు ఆ కూడవెల్లే.

ఆమధ్య చలికాలంలో మా మామ ఏదో పని మీద వస్తే ఆయన్ని ఈ గుడికి తీసుకెళ్లాను. దేవుడి దగ్గరికి పోకుండా ముందు అరుగు చుట్టూ రాళ్లను చేత్తో తడుముకుంటూ తిరిగాడు. ఒక చోట టక్కున కూర్చుని, తుండుగుడ్డతో దుమ్ము దులిపాడు. బండ మీద పులిజూదం గీతలు, సగం అరిగిపోయి ఉన్నాయి.

"ఇగో అల్లుడూ, గొర్లను ఏటి ఒడ్డుకు తోలి ఈడ్నే ఆడెటోళ్లం" అని నాలుగు గులకరాళ్లు ఏరుకొచ్చి పులుల స్థానాల్లో పెట్టాడు. నన్ను మేకలు పెట్టమన్నాడు. ఆట మధ్యలో తల ఎత్తి ఎడమ పక్కకి చూశాడు. చిన్నప్పుడు అటు కృష్ణ ఉండేదట. ఇప్పుడు అటు రోడ్డు ఉంది. "రాళ్లకు నంబర్లేసి తెచ్చి, ఏడిది ఆడ్నే పెట్టిన్రు. మా వాడకట్టోళ్లు మాత్రం తలా ఒక దిక్కు పోయిన్రు" అన్నాడు.

నష్టపరిహారం కాగితాల కోసం మామ తిరిగిన తిరుగుడు, ఆఫీసుల్లో విన్న మాటలు చెప్పడం మొదలుపెడితే ఈ జవాబు సరిపోదు. గుళ్లను కాపాడినందుకు నాకు ఎంతో సంతోషం. కానీ ఆ గుడి ముందు కూడవెల్లి జనం గురించి, వాళ్లు ఎక్కడెక్కడికి పోయారో చెప్పే పలక ఒకటి తప్పకుండా ఉండాలి. ఏ రాజు కట్టించాడన్నది ఎంత ముఖ్యమో, ఎవరు వదిలిపోయారన్నదీ అంతే ముఖ్యం. హెరిటేజ్ వాక్ అంటూ కెమెరాలతో వచ్చేవాళ్లు ఇది తెలుసుకోకుండా పోతే వాళ్లు చూసింది సగమే.

ఇంకో పూట ఉంటే ఆటోలో పాపనాశి వెళ్లండి. మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే చిన్న శిఖరాల గుళ్ల గుంపు, అవీ ముంపు నుంచి తరలించినవే. ఇటు ఊళ్లో నవబ్రహ్మ గుళ్ల పక్కనే మ్యూజియం ఉంది, నల్లరాతి నటరాజును చూడకుండా రావద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు రండి. మిగతా నెలల్లో పది దాటితే బండలు కాలిపోతాయి, చెప్పులు విడిచే చోట్ల సాక్సులు వేసుకోండి. నది పక్కన నీడ తక్కువ, నీళ్ల బాటిల్ మీ దగ్గరే ఉంచుకోండి. కర్నూలు నుంచి బస్సులున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు హైవే మీద ఆలంపూర్ చౌరస్తాలో దిగితే లోపలికి ఆటోలు దొరుకుతాయి.