కాలవలో పారేసిన వెండి

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. కాగితం అతికించిన కిటికీ మీద వెదురు నీడ కదిలే చోటు బాగుంది. చివరికొచ్చేసరికి మాత్రం కోపమొచ్చింది. ఉప్పు వ్యాపారి ఇచ్చిన వెండిని చైనా చిత్రకారుడు జెంగ్ బాన్‌చియావ్ చేత కాలవలోకి విసిరేయించావు. ఆయన ఎందుకు విసురుతాడు నాయనా? 1759లో యాంగ్‌జౌలో తన బొమ్మల ధరలు రాసి బాహాటంగా పెట్టిన మనిషి ఆయన. చుట్టి పెట్టే పెద్ద బొమ్మకు ఆరు లియాంగ్‌ల వెండి, మధ్యరకానికి నాలుగు, చిన్నదానికి రెండు, విసనకర్ర మీది బొమ్మకు అర. లియాంగ్ అంటే సుమారు 37 గ్రాములు. కానుకలూ తినుబండారాలూ వద్దు, మీరు తెచ్చేది నాకు నచ్చకపోవచ్చు, వెండి ఇస్తే మనసు బాగుంటుంది, బొమ్మా బాగా కుదురుతుంది అన్నాడు. అరువు బేరం కూడా వద్దన్నాడు.

ఆ మాటకు ఎంత గుండె కావాలో నీకు తెలియాలి. చదువుకున్న పెద్దమనిషి బొమ్మ అమ్ముకోవడం అక్కడ తలవంపు. డబ్బు కోసం గీసేవాణ్ణి పనివాడి కింద లెక్కగట్టేవాళ్ళు. అందుకే ఇచ్చే సొమ్ముకు 'కుంచె తడపడం' అని మర్యాద పేరు పెట్టుకున్నారు. కానుక అనీ, ఉపకారం అనీ చాటుగా చేతులు మారేది. బాన్‌చియావ్ ఆ తెర తీసేశాడు. షాన్‌డాంగ్‌లో జిల్లా అధికారిగా ఉన్నప్పుడు కరువులో జనానికి గింజలు పంచినవాడు. 1753లో కొలువు ముగిశాక కుంచే ఆధారం. వెండి కాలవలో పారేస్తే ఆయన పొయ్యిలో పిల్లి లేస్తుందా?

నా మూడో కథలో ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు ఇంటద్దె బాకీ ఎంతో అంకెతో సహా రాశాను. ఎడిటర్ ఆ అంకె కొట్టేసి 'ఇబ్బందుల్లో ఉన్నాడు' అని మార్చాడు. డబ్బు లెక్కలు కథకు అందం కాదట. పారితోషికం అడిగితే సాహిత్య సేవ అన్నాడు. ఆ నెల మా ఆవిడ కమ్మలు తాకట్టులో ఉన్నాయి. అవి విడిపించడానికి ఏడు నెలలు పట్టింది. ఇవాళ్టికీ సభలకు పిలిచి శాలువా కప్పుతారు, బస్సు చార్జీల ఊసెత్తరు. కళాకారుడి జేబు సంగతి దాచిపెట్టే కథ నేను నమ్మను. ఎంత ఇచ్చారో, ఎంత ఎగ్గొట్టారో రాయాల్సిందే.

వడ్రంగం చేసి పైకొచ్చిన మరో చైనా చిత్రకారుడు చి బైషి కూడా బీజింగ్‌లో ఇంటి గోడకు కాగితం అంటించాడు: బొమ్మల అమ్మకంలో స్నేహాలు చూడను, ధరల పట్టీ ప్రకారం ఇవ్వండి అని. ఆయన గీసిన రొయ్యల్లో ప్రాణం తగ్గిందా?

కలం పేరు గురించీ, సంపుటి గురించీ అడిగావు. వాటికి తొందరేముంది? ముందు ఆ వ్యాపారి ఘట్టం మళ్ళీ రాయి. ఉప్పు గుత్తతో కోట్లు గడించినవాడికి ఈ వెదురు బొమ్మ ఎందుకు కావాలి? ఏ గదిలో, ఎవరు చూడాలని తగిలిస్తాడు? బేరమాడాడా? వెండి తూచేటప్పుడు బాన్‌చియావ్ తక్కెడ వైపు చూశాడా, ఆరని సిరా వైపు చూశాడా? నాకది కావాలి.

ఈ నెలాఖరులోగా పంపు. కిటికీ మీద నీడను మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో.