ఆటల సందేహాలు: టెన్నిస్ డబుల్స్‌లో ఇప్పుడు సర్వ్ ఎవరిది?

ప్రశ్న: 2022లో పుణెలో జరిగిన మహారాష్ట్ర ఓపెన్ పురుషుల డబుల్స్ ఫైనల్ స్కోరు 6-7, 6-3, 10-6 అని చదివాను. మూడో సెట్‌లో ఆ 10 ఏమిటి? వింబుల్డన్‌లో ఇలా కనబడదు కదా?
– ఒక పాఠకుడు, దెగ్లూరు (నాందేడ్ జిల్లా)

జవాబు: అది సెట్ కాదండీ, సెట్ బదులు ఆడే సూపర్ టైబ్రేక్. ఆ ఫైనల్లో రోహన్ బోపన్న, రామ్‌కుమార్ రామనాథన్ జోడీ మొదటి సెట్ పోగొట్టుకుని కూడా ల్యూక్ సావిల్, జాన్ పాట్రిక్ స్మిత్‌ల మీద గెలిచింది. ఏటీపీ టూర్ (పురుషుల వృత్తి టెన్నిస్ పోటీల పరంపర) డబుల్స్‌లో 2006 నుంచి ఇదే పద్ధతి. సెట్లు చెరొకటి అయితే ముందుగా 10 పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే మ్యాచ్, కాకపోతే రెండు పాయింట్ల తేడా ఉండాలి. 40-40 దగ్గర అడ్వాంటేజ్ కూడా ఉండదు, ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్‌లో మాత్రం అడ్వాంటేజ్ ఉంటుంది, మూడో సెట్ పూర్తిగా ఆడతారు. అక్కడ 6-6 అయినప్పుడే 10 పాయింట్ల టైబ్రేక్. వింబుల్డన్‌లో 2022 దాకా ఐదు సెట్ల డబుల్స్ ఉండేది, 2023 నుంచి మూడుకు తగ్గించారు.

చూసేవాళ్లు తరచూ గమనించని సంగతి ఒకటి ఉంది. సూపర్ టైబ్రేక్ సెట్‌తో సమానం. అందుకే దానికి ముందు ఇచ్చే 120 సెకన్ల విరామంలో జోడీ తమలో తాము సర్వ్ చేసే వరస, రిసీవ్ చేసే వైపులు మార్చుకోవచ్చు. ఆ రోజు సర్వ్ బాగా పడుతున్నవాడిని ముందుకు తెచ్చే అవకాశం అదే. చాలా జోడీలు దాన్ని నీళ్లు తాగడంతో సరిపెట్టేస్తాయి.

ప్రశ్న: మా కాలనీ పోటీల్లో గేమ్ సగంలో ఉండగా తప్పు మనిషి సర్వ్ చేస్తున్నాడని తెలిసింది. పాయింట్లు కొట్టేయాలని కొందరు, వద్దని కొందరు. గంటసేపు గొడవ. అసలు నియమం ఏమిటి?
– ఒక పాఠకుడు, బల్లార్షా (చంద్రపూర్ జిల్లా)

జవాబు: ఆడిన పాయింట్లు ఎప్పుడూ పోవు. తప్పు తెలిసిన క్షణం నుంచి సరైన మనిషి బంతి అందుకోవాలి. అప్పటికి స్కోరు 30-15 అయితే అతను 30-15 నుంచే సర్వ్ చేస్తాడు. తప్పుగా వచ్చిన భాగస్వామి అప్పటికే ఒక ఫాల్ట్ (చెల్లని సర్వ్) వేసి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది, సరైన మనిషికి మిగిలేది రెండో సర్వ్ ఒక్కటే. గేమ్ పూర్తయ్యాక తెలిస్తే ఇక దిద్దడం లేదు, ఆ సెట్ అయ్యేదాకా మారిన వరసే కొనసాగుతుంది.

రిసీవర్లు వైపులు మారి నిలబడితే నియమం వేరు. ఆ గేమ్ అయ్యేవరకు అలాగే ఆడి, తాము మళ్లీ రిసీవ్ చేసే గేమ్‌లో పాత వైపులకు రావాలి. గొడవలు పుట్టేది ఇక్కడే, ఎందుకంటే సర్వ్ నియమాన్నే దీనికీ పెట్టేస్తారు.

అసలు తప్పే జరగకుండా చూసుకోవడం తేలిక. సెట్ మొదట్లో సర్వ్ చేసే నలుగురికీ వరసగా 1, 2, 3, 4 అంకెలు వేసి పలక మీద రాయండి. 1, 3 ఒక జోడీ. 2, 4 ఇంకో జోడీ. తర్వాత ఆ సెట్‌లో ఆడేసిన గేమ్‌లు కూడి నాలుగుతో భాగించండి. శేషానికి ఒకటి కలిపితే వచ్చిన అంకె మనిషిదే సర్వ్. స్కోరు 4-3 అంటే ఏడు గేమ్‌లు, శేషం 3, కాబట్టి నాలుగో మనిషి. 6-6 దగ్గర శేషం సున్నా, టైబ్రేక్ మొదటి మనిషితో మొదలవుతుంది. అతను ఒక్క పాయింటే సర్వ్ చేస్తాడు, తర్వాత ఒక్కొక్కరికి రెండేసి. ఆడిన పాయింట్ల మొత్తం 6, 12, 18 అయినప్పుడల్లా కోర్టు వైపులు మారాలి.

ప్రశ్న: సర్వ్ చేసిన బంతి నెట్ దగ్గరున్న సొంత భాగస్వామి వీపుకు తగిలితే?
– ఒక పాఠకుడు, రాజురా

జవాబు: ఫాల్ట్. అదే బంతి నేల తాకకముందే రిసీవర్ భాగస్వామికి తగిలితే పాయింట్ సర్వ్ చేసినవాళ్లది.

ప్రశ్న: నెట్ దగ్గర నిలబడే ఆటగాడు వీపు వెనక వేళ్లతో ఏం చెబుతాడు? మేం అలా ప్రయత్నిస్తే ప్రతిసారీ పక్క గీత వెంట కొట్టేస్తున్నారు.
– ఒక పాఠకుడు, సిరొంచ (గడ్చిరోలి జిల్లా)

జవాబు: రెండు సంగతులు: సర్వ్ ఎటు వేయాలి, తాను అడ్డంగా కదులుతాడా లేదా. ఎక్కువమంది వాడుకలో మూసిన పిడికిలి అంటే ‘ఉంటాను’, తెరిచిన చెయ్యి అంటే ‘దాటుతాను’. వేళ్ల అర్థం జోడీ ఇష్టం. సర్వ్ చేసేవాడు ‘సరే’ అని నోటితో అనకుండా బంతి ఎగరేయకూడదు.

పక్క గీత వెంట దెబ్బ తినడానికి కారణం తొందర. బంతి ఇంకా గాలిలో ఉండగానే కదిలితే రిసీవర్ చూసేస్తాడు. అతని రాకెట్ వెనక్కి వెళ్లి ముందుకు రావడం మొదలయ్యాక అతని కళ్లు బంతి మీదే ఉంటాయి, అడుగు అప్పుడు వేయాలి. నెట్‌కు సమాంతరంగా కాదు, నెట్ మధ్య పట్టీ వైపు ఏటవాలుగా, ముందుకు. దగ్గరికి వెళ్లినకొద్దీ బంతి ఎత్తులో దొరుకుతుంది, కిందికి కొట్టొచ్చు. మొదట నిలబడే చోటు సర్వీస్ బాక్స్ (సర్వ్ పడాల్సిన గడి) నడుమ, నెట్‌కు సుమారు 10 అడుగుల దూరం. సర్వ్ టీ గీత (రెండు సర్వీస్ బాక్సులను వేరు చేసే నడిమి గీత) వైపు పడినప్పుడు దాటడం మేలు, రిసీవర్‌కు కోణాలు తగ్గుతాయి. బయటికి వేసిన సర్వ్ మీద దాటితే పక్క గీత తెరిచి ఇచ్చినట్టే. దాటాక వెనకవాడు ఖాళీ అయిన సగానికి పరుగెత్తాలి, ఇది మరిచే జోడీలే ఎక్కువ.

అడ్వాంటేజ్ లేని ఆటలో 40-40 పాయింట్‌కు రిసీవ్ చేసే జోడీ ఏ వైపు తీసుకోవాలో తామే ఎంచుకుంటుంది, కానీ మనుషులు వైపులు మారకూడదు. ‘మనలో గట్టివాడు’ అని ఎంచడం పొరపాటు. కుడిచేతివాడి స్లైస్ సర్వ్ (పక్కకు వంగే సర్వ్) కుడి కోర్టులో రిసీవర్‌ను బయటికి లాగుతుంది, అక్కడ మీవాడు ఇబ్బంది పడుతుంటే ఎడమ కోర్టు అడగండి. ఎడమచేతి సర్వర్ అయితే లెక్క తిరగబడుతుంది.

ప్రశ్న: మట్టి కోర్టుకు సున్నంతో డబుల్స్ గీతలు వేయాలి. కొలతలు చెప్పగలరా?
– ఒక పాఠకుడు, ధర్మాబాద్

జవాబు: పొడవు 78 అడుగులు, డబుల్స్ వెడల్పు 36, సింగిల్స్ వెడల్పు 27. అంటే ఇరువైపులా నాలుగున్నర అడుగుల పట్టీలు. నెట్ నుంచి సర్వీస్ గీతకు 21, అక్కడి నుంచి వెనక గీతకు 18. స్తంభాలు డబుల్స్ గీతకు మూడడుగుల బయట, ఒకదానికొకటి 42 అడుగుల దూరం. మూల సరిగ్గా తిరిగిందో లేదో తాడుతో చూడండి: సగం కోర్టుకు, 36 × 39కి, ఐమూల 53 అడుగుల 1 అంగుళం రావాలి. రెండు ఐమూలలూ సమానం కాకపోతే గీతలు వంకర పోయినట్టే, సున్నం పోయకముందే దిద్దుకోండి. నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో మూడు. టేపు లేకపోతే 27 అంగుళాల రాకెట్‌ను నిలబెట్టి, దాని పైన ఇంకో రాకెట్ తలను అడ్డంగా పెట్టండి, మధ్య ఎత్తు సుమారుగా సరిపోతుంది. పట్టీ బిగించాక ఇంకోసారి కొలవండి, తాడు సాగితే నెట్ దిగుతుంది.