పీఎస్‌యూ ఫ్యాన్ తిరగడం లేదు: హైబ్రిడ్ మోడ్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: కంప్యూటర్‌లోని 750 వాట్ల పవర్ సప్లై (పీఎస్‌యూ) వెనక 'హైబ్రిడ్' బటన్ నొక్కితే ఫ్యాన్ ఆగిపోయింది. పాడైందా?

పాడవలేదు. ఈ మోడ్‌లో లోడు తక్కువున్నంతసేపు ఫ్యాన్ తిరగదు. చాలా మోడళ్లలో 30–40 శాతం లోడు దాటాకో, లోపల వేడెక్కాకో మొదలవుతుంది. 750లో 40 శాతమంటే 300 వాట్లు. బ్రౌజింగ్‌కి సాధారణంగా వంద వాట్లు కూడా పట్టదు కాబట్టి రోజంతా కదలకపోయినా వింతేం లేదు. అనుమానముంటే బటన్ వెనక్కి తిప్పి సిస్టం ఆన్ చేయండి. వెంటనే తిరిగితే ఫ్యాన్ బాగున్నట్టే.

ఏసీ గదిలో ఆఫీసు పనికైతే హైబ్రిడ్ హాయిగా వాడుకోవచ్చు. ఏసీ లేకుండా మే నెల ఎండల్లో, గది వేడి 38–40 డిగ్రీలుంటే మాత్రం ఆపేయమనే చెబుతాను. పీఎస్‌యూ లోపల చార్జి నిల్వచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ సుమారు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ చప్పుడు ఎలాగూ క్యాబినెట్ ఫ్యాన్ల హోరులో కలిసిపోతుంది. గేములాడేటప్పుడు లోడు సరిగ్గా ఆ గీత దగ్గర ఊగుతుంటే ఫ్యాన్ ఆగి, తిరిగి, మళ్లీ ఆగి విసిగిస్తుంది; అప్పుడూ హైబ్రిడ్ ఆపేయడమే మందు.

ఈ ఫ్యాన్ సెట్టింగ్ కోసం బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) వెతక్కండి. మామూలు పీఎస్‌యూ ఫ్యాన్‌ని దాని లోపలి సర్క్యూటే నడుపుతుంది, మదర్‌బోర్డు కాదు.

బిగించే దిశ కూడా చూసుకోండి. క్యాబినెట్ అడుగున జాలీ, ఫిల్టర్ ఉంటే ఫ్యాన్ కిందికి. జాలీ లేకపోయినా, తివాచీ మీద పెట్టినా పైకి. ఫిల్టర్‌ని నెలకోసారి దులపండి. పీఎస్‌యూ డబ్బాని మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జి మిగిలి ఉండొచ్చు.